గేజీ రాయి

మా ఊరి చరిత్ర అడిగితే
ఎవరూ రాజుల పేర్లు చెప్పరు.
"ఏ యేడుది? ఆ యేడు నీళ్ళెంత?" అంటారు.
లాకుల పక్కన, సగం జమ్ములో మునిగి
అంకెలు చెక్కిన నల్లరాయి ఒకటుంది.
అడిగినవాణ్ణి అక్కడికి తీసుకెళ్ళి వదిలేస్తారు.

మా నాన్న ఆ రాయికి గుమస్తా.
పొద్దున్న ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ
పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి
రాయి చెప్పింది పుస్తకంలో రాసేవాడు,
ఇరవై తొమ్మిదేళ్ళు.
మానేసింది ఒక్క పూట, నేను పుట్టిన పూట.
ఆ రోజు అమ్మమ్మ వెళ్ళి చూసొచ్చింది.
ఆవిడకి అంకెలు రావు.
"నిన్నటికంటే జానెడు తక్కువ" అంది.
పుస్తకంలో ఇప్పటికీ అలాగే ఉంది.

రెండు దగ్గర రాయి నునుపు.
తాటిదోనెలు రాసుకుపోయిన చోటు.
అప్పుడిది ఊరు కాదు, దిబ్బ.
ఎండలకి కొల్లేరు వెనక్కి తగ్గితే
పిల్లల్నీ మావుల్నీ దోనెలో వేసుకొచ్చి
కిక్కిస కోసి గుడిసె కట్టుకునేవాళ్ళు.
ఉప్పుటేరు పోటెత్తితే పైకి పోయేవాళ్ళు.
ముంగర అచ్చియ్యమ్మ ఈనాటికీ
ఇల్లు మారాం అనదు,
"ఇల్లు జరిపాం" అంటుంది,
మంచాన్ని జరిపినట్టు.

మూడు దగ్గర ఒక గాటు.
లాంచీ గొలుసు ఒరిపిడి.
లాంచీతో పాటు సోడా కొట్టొచ్చింది, పోస్టుడబ్బా వచ్చింది,
దువ్వెనల పెట్టెతో సత్తియ్య వచ్చాడు.
ఆఖరి లాంచీ తప్పిపోయి
ఒక్క రాత్రికని ఆగాడు.
నలభయ్యేళ్ళు గడ్డాలు గీశాడు.
సగం ఊరు అలా ఆగిపోయినవాళ్ళే.

అందుకేనేమో, మావాళ్ళు తొందరగా నమ్మరు.
కాళ్ళ కింది నేలనే నమ్మనివాళ్ళు
మనుషుల్నేం నమ్ముతారు?
అప్పిస్తే తేదీ అడగరు,
"నీళ్ళు తీశాక ఇద్దూలే" అంటారు.
మాట మధ్యలో ఆపి గాలి వాసన చూస్తారు.
కొరమేను పులుసు కాస్తే పక్కింటికి గిన్నె వెళ్ళాల్సిందే.
తగువున్నా వెళ్తుంది,
కాకపోతే తోక ముక్కలు.

ఐదు దగ్గర ఎర్ర గీత.
అది రాయితో పుట్టింది కాదు.
ఎక్కడో పటం మీద గీస్తే
నడిచొచ్చి ఇక్కడ ఎక్కింది.
గీత లోపల చెరువులు తవ్వకూడదన్నారు.
అప్పటికే తవ్వేశాం.
సూరపరాజు గారి ఐసు ఫ్యాక్టరీ
రాత్రంతా గురకపెట్టేది.
హౌరా లారీలు వీధి చివర
నీళ్ళు కారుస్తూ నిలబడేవి.
డబ్బుకి తవుడూ చెక్కా కలిసిన వాసనుంటుందని
మాకు అప్పుడే తెలిసింది.

తర్వాత పొక్లెయిన్లు వచ్చాయి.
గట్టు తెగి చెరువు కొల్లేట్లో కలుస్తుంటే
బలే నాంచారయ్య బీడీ వెలిగించి
తన చేపలు తనవి కాకుండా పోవడం చూశాడు.
"పుట్టింటికి పోతన్నాయి, పోనీ" అన్నాడు.
మూడో యేడు కల్లా గట్లు మళ్ళీ లేచాయి.
ఎవరు వేశారో ఎవరికీ తెలీదు.
అందరం తట్ట మోశాం.

ఏడు లేదు.
రాయి ఆరున్నర దగ్గర అయిపోయింది.
తుఫాను వచ్చిన యేడు
నాన్న రెండు పూటలు
"రాయి కనబడలేదు" అని రాశాడు.
మూడో పూట,
"నేను స్కూలు మేడ మీద ఉన్నాను."
పక్కనే పై అధికారి ఎర్ర సిరా:
అంకె ఏది?

ఇప్పుడు ఇనప స్తంభం పాతారు.
సోలారు పలక పెట్టుకుని
నీటి లెక్క దానంతట అదే పంపిస్తుంది.
దాని నెత్తిన ఒక గూడబాతు
ఉద్యోగం వచ్చినట్టు కూర్చుంటుంది.
రాయి సున్నా ఎప్పుడో ఒండ్రులోకి పోయింది.
నాన్న ఉండగానే పోయింది,
ఆయన ఆ సంగతి ఎక్కడా రాయలేదు.

నిన్న అచ్చియ్యమ్మ మనవరాలు
రాయి మీద దుప్పట్లు ఉతుకుతోంది.
"ఎంతుందే?" అన్నాను.
"ఏంటి?" అంది.
నాలుగు మీద సబ్బు నురగ.
కడిగేదాకా నిలబడ్డాను.